ఊదా మూత గొట్టం

ఆరోగ్యంగా ఉన్న ఒక పొట్టి మేకకు నేను చేసిన వైద్యం గురించి చెబుతాను. నవ్వాలనిపిస్తే నన్ను చూసి మొహమాటం లేకుండా నవ్వండి, మేకను మాత్రం వదిలేయండి.

అప్పుడు తిరుపతిలో పశువైద్యం చదువుతున్నాను. ఏ జబ్బూ లేని చిన్న జాతి మేకల రక్తంలో కాల్షియం, భాస్వరం లాంటివి మామూలుగా ఎంతెంత ఉంటాయో తేల్చడం నా పని. ఐరాల దగ్గర పల్లెలో రాజమ్మ అనే ఆమెకు ఏడు మేకలుండేవి. మొగుడు పోయాక ఇల్లు వాటి మీదే నడిచేది. వాటిలో చిట్టి అప్పుడే రెండు పిల్లల్ని ఈనింది. రక్తం తీసుకోమని, చిట్టికి మాత్రం నొప్పి తెలియకుండా చూడమని రాజమ్మ చెప్పింది. ఏడు ఊదా మూత గొట్టాల్లో రక్తం పట్టి దర్జాగా తెచ్చుకున్నాను.

మరుసటి రోజు యంత్రం ఇచ్చిన కాగితం చూస్తే ఏడింటికీ కాల్షియం లేనట్టే. ఆ లెక్కన అవి ఎప్పుడో చచ్చిపోయి ఉండాలి. బుద్ధున్నవాడైతే తనను అనుమానిస్తాడు. నేను మేకలను అనుమానించాను. కొత్త రోగం కనిపెట్టానని మురిసిపోయి, మా సారు సెలవు నుంచి వచ్చేదాకా కూడా ఆగకుండా, కాల్షియం మందు సీసా సంచిలో వేసుకుని బండెక్కాను.

వెళ్ళేసరికి చిట్టి గోడెక్కి మునగాకు మేస్తోంది.

“గోడెక్కి మేస్తా ఉండాది గదా నాయనా, దానికి రోగమేంది?” అంది రాజమ్మ.

“పైకి కనపడదు లేమ్మా. కాగితంలో ఉండాది” అన్నాను.

రోగిని పట్టుకోవడానికి ఇద్దరం పెరడంతా పరుగెత్తాం. చావబోయే మేక అంతసేపు ఎలా పరుగెత్తించిందని మీకు అనుమానం వచ్చింది కదా? నాకు రాలేదు. చివరికి పట్టుకుని, మెడనరంలోకి మందు గబగబా ఎక్కించాను. చిట్టి ఒక్కసారి వణికి పక్కకు ఒరిగిపోయింది. మళ్ళీ లేవలేదు.

రాజమ్మ ఏడుస్తూనే నా చేతులు పట్టుకుంది. “నువ్వన్నా వచ్చినావు. మిగతా ఆరిటికీ ఏసిపో నాయనా, అవన్నా బతకతాయి.”

చిట్టి పడినప్పుడే సీసా నా చేతిలోంచి జారి పగిలిపోయింది. ఆ రోజు నేను చేసిన మంచిపని అదొక్కటే.

సారు వచ్చాక కాగితం చూడలేదు, గొట్టం చూశారు. రక్తం గడ్డకట్టకుండా ఊదా మూత గొట్టంలో ఒక మందు ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఈ పరీక్షకు ఎర్ర మూత గొట్టం వాడాలని మాకు ఎప్పుడో చెప్పారు. మేకలకు ఏ లోటూ లేదు. లోటు లేని ఒంట్లోకి నేను గబగబా ఎక్కించిన కాల్షియమే చిట్టి గుండెను ఆపేసింది. సారు తిట్టలేదు, దాంతో ఇంకా సిగ్గేసింది.

మళ్ళీ వెళ్ళి రాజమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చిట్టి పిల్లలకు సీసాతో పాలు పడుతోంది. తలెత్తకుండానే అంది, “నేను చెప్పినా గదా నాయనా, గోడెక్కి మేస్తా ఉండాదని.”

ఇప్పుడు సత్యవేడులో వైద్యం చేస్తున్నాను. ఇందుమూలంగా సమస్త మేకలకూ తెలియజేయడమేమనగా, నా చేతిలో ఎంత గొప్ప కాగితమున్నా సరే, గోడెక్కి మేస్తున్న మేకకు ఈ జన్మలో సూది వేయను.