మల్లేశం అరిచాడు

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. అన్నం దిగుతోంది, నీళ్ళు దిగుతున్నాయి. అది మాత్రం దిగదు, పైకీ రాదు. ఇక్కడ ఖతర్‌లో నన్ను మంచివాడంటారు. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి, ఆ రోజు చర్చి ప్రార్థనలో ముందు వరుసలో కూర్చుంటాను. పాపాలు ఒప్పుకోండి అని పాస్టరు గారు అన్నప్పుడల్లా చేతులెత్తి ఏడుస్తాను కూడా. ఏడ్చి ఏం ఒప్పుకుంటానో తెలుసా? కోపం ఎక్కువని, ప్రార్థన తక్కువని. ఛీ, నా బతుకు.

ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపుకు నేను ఫోర్‌మన్‌ని. మాది గోదావరి వైపు. మల్లేశం జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఫిట్టరు. పనిలో గొప్పవాడేమీ కాదు, మామూలే. కానీ వాడు నోరు తెరిస్తే షెడ్డంతా నవ్వేది. తెలుగు ముక్క రాని నేపాలీలు, కేరళవాళ్ళు కూడా కడుపు పట్టుకునేవారు. నేను మాట్లాడితే మాత్రం అందరూ గబగబా పానాలు అందుకుని పనిలో పడేవారు. వాడి నవ్వు నాకు గిట్టేది కాదు.

మా షెడ్డులో ఒక ఆచారం ఉంది. నాలుగు దేశాలవాళ్ళు పనిచేసే చోటు కాబట్టి అందరికీ వచ్చిన హిందీలోనే నడుస్తుంది. తిరిగే యంత్రంలో చెయ్యి పెట్టేవాడు ముందుగా "హాత్ అందర్!" అని అరవాలి. చెయ్యి లోపల పెడుతున్నాను అని. ఇంజన్ దగ్గరున్నవాడు దాన్ని ఆపి, తాళం బయటికి తీసి, "బంద్!" అని బదులివ్వాలి. ఆ బదులు వినిపించాకే చెయ్యి లోపలికి వెళ్ళాలి. ఇది ఎవరూ రాసిపెట్టింది కాదు. ఒకడి చేతులు ఇంకొకడి నోటికి అప్పజెప్పుకునే పద్ధతి. ఆ మాట మీద అబద్ధమాడినవాడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు.

ఆ చలికాలంలో మా అర్బాబ్, అంటే మా యజమాని, ఎక్కడో మంచు దేశం నుంచి పాత స్నోమొబైల్ ఒకటి తెప్పించాడు. మంచు మీద నడిచే బండి. ముందు జారడానికి రెండు స్కీ పలకలు, వెనక చక్రాల బదులు పళ్ళున్న రబ్బరు పట్టా. ఖతర్‌లో మంచెక్కడిది? ఇసుక దిబ్బలు ఎక్కించాలట! పాత పట్టా పళ్ళు పొట్టివి, ఇసుకను పట్టలేక జారుతున్నాయి. అందుకని రెండున్నర అంగుళాల పళ్ళున్న కొత్త పట్టా కూడా తెప్పించి నా ముందు పడేశాడు. దీన్ని ఆ పాత బండికి పట్టించమన్నాడు.

నేను కొలిచాను. పడుతుందన్నాను. పట్టా ఎక్కించి చేత్తో తిప్పితే, దాని పళ్ళు పైనున్న రేకును కరకరా గీకాయి. అర్బాబ్ ఎదురుగానే. అప్పుడు మల్లేశం అన్నాడు, "సారు ఒంటెకు చెప్పులు కొలిసిండ్రు." అందరికీ అర్థం కావాలి కదా, హిందీలో కూడా అన్నాడు. షెడ్డు గొల్లుమంది. అర్బాబ్ కూడా నవ్వి, ఇక పని కానివ్వమన్నట్టు "యల్లా, యల్లా" అంటూ నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అంతే. అంతకుమించి మల్లేశం నాకు చేసిన అన్యాయం ఏమీ లేదు. వాడిది ఏదైనా పెద్ద తప్పు దొరికితే నా బరువు కాస్త తగ్గుతుందని, ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు పాత రోజులన్నీ తిరగేసి వెతికాను. దొరకలేదు.

పట్టాను లోపలి నుంచి తిప్పే చక్రాలను తీసి చిన్నవి వేశాం. దాంతో పట్టా కిందికి జరిగి రేకుకు దూరమైంది. బండి వెనక భాగాన్ని స్టాండు మీదికి ఎత్తి, ఇంజన్ నడిపి చూశాం. ఇంకా ఎక్కడో గీకుతోంది. ఆపాను. ఎక్కడ తగులుతోందో వేళ్ళతో తడిమి చూస్తానని మల్లేశం వెనక వంగాడు. పక్కన కంప్రెసర్ మోగుతోంది. మిగతావాళ్ళు అవతల ఏదో లారీ పనిలో ఉన్నారు.

"హాత్ అందర్!" అని అరిచాడు.

నాకు వినిపించింది. తాళం తియ్యలేదు. "బంద్!" అన్నాను.

వాడి చెయ్యి లోపలికి వెళ్ళడం చూశాను. అప్పుడు తాళం తిప్పాను. ఇంజన్ ఒక్కసారి గర్జిస్తే వాడు హడలిపోయి వెనక్కి పడతాడు, ఈసారి నేను నవ్వుతాను, అందరూ వాడిని చూసి నవ్వుతారు. అదీ నా ఆలోచన. ఊరికే స్టార్టయినంత మాత్రాన ఆ బండి పట్టా తిరగదు. హ్యాండిల్ దగ్గరున్న మీటను బొటనవేలితో నొక్కితేనే తిరుగుతుంది. మరి నొక్కిందెవరు? వేలు జారిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. జారితే పక్కకు జారాలి గానీ, నొక్కుతుందా? వాడు భయపడితే చాలదు, కాస్త నొప్పి కూడా తెలియాలి అని ఆ క్షణంలో నా లోపల ఎవడో కోరుకున్నాడు. ఆ ఎవడో నేనే. నొక్కాను.

కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి.

ఇంజన్ ఆపింది నేనే. తువ్వాలు చుట్టిందీ నేనే. ఆసుపత్రికి వెళ్ళేదాకా కారులో వాడి తల నా ఒళ్ళోనే ఉంది. సేఫ్టీ ఆఫీసరు అడిగితే, అరవకుండా చెయ్యి పెట్టాడండీ అన్నాను. తడుముకోలేదు. ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట! కంప్రెసర్ మోతలో ఎవరూ ఏమీ వినలేదని నాకు అప్పటికే తెలుసు.

మర్నాడు ఆసుపత్రిలో వాడే అడిగాడు.

"సార్, నేను అరిసినట్టే యాదికున్నది. మీరు బంద్ అన్నట్టు గూడ ఇనవడ్డది."

"లేదు మల్లేశం. నువ్వు అరవలేదు. నేనేమీ అనలేదు."

"ఇనవడ్డది సార్. మీ గొంతే."

"మత్తు మందు ఇచ్చారు కదా, అలాగే అనిపిస్తుంది. చెవుల్ని ఏం నమ్ముతావు? నేను అంటే నాకు గుర్తుండదా?"

వాడు తన కట్టు వైపు చూసుకున్నాడు. "గంతేనేమో సార్. తప్పు నాది వెట్టుకొని మిమ్ముల బద్నాం జేస్తుంటి. మాఫ్ జేయుండ్రి."

మాఫ్ చేశాను. అవునండీ, నేను వాడిని క్షమించాను! తల కూడా నిమిరాను. వేళ్ళ సంగతి ఆవేశం అనుకుందాం, ఒక్క క్షణం దయ్యం పట్టింది అనుకుందాం. ఈ రెండోది అలా కాదు. కుర్చీ లాక్కుని, తీరిగ్గా కూర్చుని, వాడికి తెచ్చిన కమలాపండు వలుస్తూ చేశాను. తను విన్నది తను విన్నానన్న నమ్మకం కూడా వాడి దగ్గర ఉండనివ్వలేదు. ఏది పెద్ద పాపమని ఎవరైనా అడిగితే, నాకు మాత్రం ఆ కమలాపండే గుర్తొస్తుంది.

రూలు తప్పినవాడని కంపెనీ వాడిని ఇంటికి పంపించేసింది. ఆ బండి దిబ్బల మీద నాలుగు రోజులు తిరిగింది. చల్లబరచడానికి మంచు లేదాయె, వేడెక్కి ఇంజన్ పట్టేసింది. ఇప్పటికీ షెడ్డు వెనక దుమ్ము కొట్టుకుని పడి ఉంది.

మల్లేశం నాకు ఫోన్ చేస్తూనే ఉంటాడు. నేను ఇంజన్ ఆపకపోతే చెయ్యంతా పోయేదట, నా వల్లే బతికాడట. ఊళ్ళో అందరికీ అదే చెబుతాడు. పోయిన నెల తన బామ్మర్దిని కూడా మా షెడ్డుకే పంపాడు. మీ చేతికింద ఉంటే మాకు రంది లేదు సార్ అన్నాడు. వద్దనడానికి నా దగ్గర ఏ కారణం ఉంది, ఉన్న ఒక్క కారణం తప్ప?

ఆ బామ్మర్ది పేరు గంగారాం. అస్సలు నవ్వడు. నిన్న ఇసుక దిబ్బల మీద తిప్పే బండి ఒకదాని చైను సరిచేస్తూ, "హాత్ అందర్!" అని అరిచాడు. నేను ఇంజన్ ఆపి, తాళం తీసి, "బంద్!" అన్నాను. వాడు చెయ్యి పెట్టలేదు. లేచి నా దగ్గరికి వచ్చి అరచెయ్యి చాపాడు.

"తాళం ఇయ్యుండ్రి సార్. ఏమనుకోకుండ్రి. మా బావ ఒట్టు వెట్టించుకున్నడు. బంద్ అని ఇనవడ్డా చెవుల్ని నమ్మకు, తాళం చేతిలకు వచ్చినంకనే చెయ్యి పెట్టు అన్నడు. ఆయనకు ఉత్తగనే ఇనవడ్డదంట."

తాళం ఇచ్చాను. ఇంకేమీ ఇవ్వలేకపోయాను. వాడు వెళ్ళి పని చేసుకున్నాడు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు, పోయినవి మీ వేళ్ళు కావు. ఇంత రాసినా రేపు షెడ్డులో నేను నోరు విప్పుతానని మాట ఇవ్వలేను, నా పిరికితనం నాకు తెలుసు. వాడు చెయ్యి చాపితే మళ్ళీ తాళం ఇస్తాను. కానీ ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా ఈ మాట నా నుంచి బయటికి రావాలి. మల్లేశం చెవులు నిక్షేపంలా ఉన్నాయి. అతను అరిచాడు. నేను "బంద్" అన్నాను.