నేను చెయ్యని బోణీ

మొన్న పొద్దున్నే పాలకని వీధి చివర డెయిరీకి వెళితే, అప్పుడే షట్టరెత్తి దేవుడి పటానికి అగరొత్తి తిప్పుతున్న కొట్టతను నన్ను చూసి, "ఆయియే చాచాజీ, బోహనీ ఆప్ కే హాథ్ సే" అని నవ్వాడు. పాలతో పాటు మా ఆవిడ తెమ్మన్న ఇడ్లీ పిండి ప్యాకెట్టు కూడా తీసుకుని ఫోనుతో డబ్బు కట్టాను. వచ్చిన సొమ్మెంతో బల్ల మీది చిన్న స్పీకరు హిందీలో అరిచి చెబితే, అతను ఆ స్పీకరునే తాకి కళ్ళకద్దుకున్నాడు. మీ చేత్తోనే మొదలవనీ అని. బోహనీ అన్నా మన బోణీ అన్నా ఒకటే. పొద్దున్న మొదటి బేరం చేసిన చెయ్యి మంచిదైతే ఆ రోజంతా బేరాలు బాగుంటాయని కొట్టు పెట్టుకున్నవాళ్ళ నమ్మకం, నా వయసువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నా చెయ్యి మంచిదని అతననుకుంటున్నాడు, పాపం. ఆ చేతి సంగతి తెలిసిన మనిషి ఈ రాయపూర్ మొత్తంలో ఒక్కతే ఉంది, ఆవిడ మా ఇంట్లోనే ఉంది.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై మూడు నాలుగేళ్ళయిన రోజుల మాట. రాయపూర్ పక్కన ఉర్లాలో ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో నేను స్టోర్సు గుమాస్తాని, స్కూటరు మీద వెళ్ళొచ్చేంత దూరంలో రెండు గదుల అద్దె ఇల్లు. మా ఆవిడది పలాస వైపు. మా మామగారికి అక్కడ చిన్న పచారీ కొట్టుండేది. రోజూ బడికి వెళ్ళే ముందు ఆయన కూతురి గుప్పిట్లో ఒక నాణెం పెట్టి, ఆ నాణెంతోనే తన దగ్గర బెల్లం ముక్క కొనిపించి, అదే బోణీ అనేవారట. మన మంచి కోరేవాళ్ళ చేత్తోనే బోణీ అవ్వాలని ఆయన సిద్ధాంతం. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో ఆవిడ ఈ కథ చెబుతుంటే ముచ్చటగా విన్నాను గానీ, అది ఒకరోజు నా దగ్గరికే వస్తుందని అనుకోలేదు.

మా ఎదురింట్లో ఛత్తీస్‌గఢీ ఆవిడ ఉండేది, మేమంతా దీదీ అనేవాళ్ళం. మన అట్లలాంటి బియ్యప్పిండి చీలాలు వేయడంలో ఆవిడ్ని మించినవాళ్ళు లేరు, కానీ ఇడ్లీకని ఎన్నిసార్లు రుబ్బినా పిండి పొంగేది కాదు. మా ఇంటి నుంచి ఒక గిన్నెడు పిండి తీసుకెళ్ళి వేసుకున్న రోజున, దీన్ని అమ్మితే వీధి వీధంతా కొంటుందని ఆవిడే అంది. ఆ మాట మా ఆవిడ మనసులో పడింది. తిల్దాకి లోకల్ రైల్లో ఒక్కతే వెళ్ళి, మూడు మిల్లుల్లో ఉప్పుడు బియ్యం నోట్లో వేసుకుని కొరికి చూసి, సేఠ్‌తో తన వచ్చీరాని హిందీలో బేరమాడి బస్తా దింపించుకుంది. వాళ్ళ తమ్ముడు విశాఖపట్నం నుంచి గ్రైండరు రైల్లో వేసుకొచ్చి ఇచ్చాడు. ఆ డిసెంబరు చలికి పిండి పొంగకపోతే గిన్నెకి నా పాత స్వెట్టరు తొడిగి, పొద్దున్న మూత తీసి చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

నేను వద్దనలేదు. ఈ మాట చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను కూడా. వద్దంటే కనీసం ఆవిడకి పోట్లాడే అవకాశమైనా ఉండేది. నేను సరేనన్నాను, వరండాలో బల్ల వేయడానికి చెయ్యి సాయం పట్టాను, ఫ్యాక్టరీలో స్నేహితుడొకడు ఇక భాభీజీ పిండి అమ్మి నిన్ను పోషిస్తుందని వేళాకోళమాడితే అందరితో పాటు నవ్వాను. ఆ మాట మాత్రం మనసులోంచి పోలేదు. తిల్దా నుంచి వచ్చిన రోజున ఆవిడ మొహంలో ఒక వెలుగు చూశాను. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో నా వల్ల ఏనాడూ రాని వెలుగది. అసూయపడ్డాను. దానికి ఇంకో పేరు పెట్టుకుని లాభం లేదు.

అక్షయ తృతీయ నాడు మొదలుపెట్టాలనుకుంది. ఇక్కడివాళ్ళు దాన్ని అక్తీ అంటారు, కొత్త పనికి మంచి రోజంటారు. మంచి ఎండలు. పిండి పది, పదకొండు లోపల అమ్ముడైపోవాలి, లేకపోతే పులిసిపోతుంది. పంతులుగారు తొమ్మిదిన్నరకి ముహూర్తం పెట్టారు. మాకు ఫ్యాక్టరీకి సెలవు లేదు కనక, వెళ్ళి సంతకం పెట్టి ఆ పూటకి పర్మిషను తీసుకుని వెంటనే వచ్చేస్తానని మాటిచ్చాను. గుమ్మం దాకా వచ్చి, "బోణీ మీ చేత్తోనే అవ్వాల. మీరొచ్చీదాకా ఎవులొచ్చినా ఇవ్వను" అంది. పసుపు రాసిన చేతులు చీరకి అంటకుండా ఎత్తి పట్టుకుని నిలబడింది.

సంతకం పెట్టాను. పర్మిషనూ ఇచ్చారు. తొమ్మిదింటికి గేటు దాటి బయటికొచ్చి, స్కూటరుని ఇంటి వైపు తిప్పాల్సింది ఊరి బయటికి, ధర్సీవా వైపు తిప్పాను. ఎందుకు తిప్పావని ఆ క్షణాన ఎవరైనా అడిగుంటే ఊరికే అనేవాణ్ణి. దారిలో ఒక ఢాబా దగ్గర నులకమంచం మీద కూర్చుని పోహా తిన్నాను, జిలేబీ తిన్నాను, నిన్నటి హిందీ పేపరు రెండుసార్లు చదివాను. పదయింది, పదకొండయింది. ఇంకొంచెం ఆగితే నేను లేకుండానే మొదలుపెట్టేస్తుందిలే, అప్పుడు అలగడానికి నాకూ ఒక కారణం దొరుకుతుందని లోపల ఒక దొంగ లెక్క. నాలుగింటికి లేచాను.

ఇంటికొచ్చేసరికి వరండాలో పులుపు వాసన గుప్పుమంది. పిండి గిన్నెల మీది తడిగుడ్డని పైకి నెట్టి పొంగి, బల్ల మీద నుంచి కారి, మెట్ల మీద అట్ట కట్టి ఎండిపోయింది. సుద్దముక్కతో హిందీలో పిండి ధర రాసుకున్న పలకకి పెట్టిన కుంకుమ బొట్టు చెమ్మకి కిందకి జారింది. ఒక్క గరిటెడు పిండి కూడా ఎవరికీ ఇవ్వలేదు. దీదీ మూడుసార్లు డబ్బా తెచ్చి మూడుసార్లూ ఖాళీగా తీసుకెళ్ళింది, మిగిలిన ఆడవాళ్ళు విసుక్కుని వెళ్ళిపోయారు. సాబ్ వదల్లేదు, అర్జెంటు లోడు పడిందని చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసింది, కొంచెం ఎక్కువసేపే చూసింది. తర్వాత లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చి, "పోన్లెండి, ఉద్యోగం ముఖ్యం కదా" అంది. మర్నాడు నేనే ముందుకొచ్చి, ఇవాళ చేద్దాం బోణీ అన్నాను. తల అడ్డంగా ఊపింది. వారంలో గ్రైండరు తమ్ముడి దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది. ఇంట్లో మళ్ళీ పిండి రుబ్బలేదు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నాకు హాయిగా అనిపించింది. ఆ తర్వాత ఆవిడ నన్ను ఏదీ అడగలేదు. చీర కొనమని గానీ, పుట్టింటికి తీసుకెళ్ళమని గానీ, జ్వరమొస్తే మందు తెమ్మని గానీ అడగలేదు. మా ఆవిడకి కోరికలే లేవని నలుగురిలో మెచ్చుకునేవాణ్ణి.

రిటైరైన రోజున ఫ్యాక్టరీలో చిన్న సభ పెట్టి దండ వేశారు. ఫోన్ల దగ్గర కూర్చునే బహెన్‌జీ కూడా మాతో పాటే ముసలిదైంది. స్వీటు చేతిలో పెడుతూ, ఒక్క విషయం అడగాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నానంది. ఎప్పుడో ఒక అక్తీ రోజున మీ ఆవిడ మూడుసార్లు ఫోన్ చేసింది, మీరు తొమ్మిదింటికే వెళ్ళిపోయారని నేనే చెప్పాను, ఉర్లా రోడ్డు మీద లారీ ఏదైనా గుద్దిందేమోనని ఏడ్చింది పాపం, ఆ రోజు ఏమీ కాలేదు కదా అని అడిగింది. ఏమీ కాలేదన్నాను. దండ మెడలోనే ఉంది, తియ్యాలని కూడా తోచలేదు.

అంటే ఆవిడ ఆ రోజంతా బేరం కోసం ఎదురు చూడలేదు, నా ప్రాణం కోసం చూసింది. నేను చెప్పింది అబద్ధమని తెలిసే నా చేతికి మంచినీళ్ళిచ్చింది. తన మంచి కోరే చెయ్యి ఆ ఇంట్లో లేదని ఆవిడకి ఆ పూటే అర్థమైపోయింది. నాకు పదిహేనేళ్ళకి పైనే పట్టింది, అదీ ఇంకొకరు చెబితే. ఏ మొహం పెట్టుకుని ఆవిడ దగ్గర ఆ సంగతి కదిపేది? కదపలేదు.

ఇప్పుడు రాయపూర్లో ఏ డెయిరీ ఫ్రిజ్జు తెరిచినా ఇడ్లీ పిండి ప్యాకెట్లే. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు ఫోన్ల మీదే వ్యాపారాలు నడుపుతున్నారు, మొగుళ్ళు స్కూటర్ల మీద ఇంటింటికీ తిరిగి అందిస్తున్నారు. వాళ్ళని చూస్తే సంతోషం వెయ్యదు నాకు, ఇప్పటికీ అసూయే. మొన్న ప్యాకెట్టు ఆవిడ చేతికిస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలి కదాని, డెయిరీ అతనికి ఇవాళ నా చేత్తోనే బోణీ అయిందన్నాను. ఆవిడ కత్తెరతో ప్యాకెట్టు మూల కత్తిరించి, పిండి గిన్నెలోకి ఒంపుతూ, తలెత్తకుండా అంది.

"ఆడికైతే టయానికెళ్ళారు."