అత్త హార్మోనియం, నా శాక్సోఫోన్

నేను శాక్సోఫోన్ కొన్నానంటే మా బడిలో ఒక్కరూ నమ్మలేదు. బేతంచెర్ల హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పుకునే యాభై దాటిన ఆడమనిషికి ఈ బుద్ధి ఎందుకు పుట్టిందని స్టాఫ్‌రూంలో పెద్ద చర్చే నడిచింది. పుట్టింది, అంతే. చిన్నప్పుడు కడపలో మా పెద్దమ్మ ఇంటి ముందు నుంచి పెళ్ళి ఊరేగింపులు పోయేవి. బ్యాండులో అందరికంటే వెనక నడిచే ఒకాయన మెడలో వంపు తిరిగిన పెద్ద ఇత్తడి వాయిద్యం వేలాడేది. దాని మోత చెవికి కాదు, కడుపుకు తగిలేది. ఎందుకలా అని అడిగితే ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పని సంగతులు నన్ను ఒక పట్టాన వదలవు.

నిరుడు ఎండాకాలం సెలవుల్లో కడప పోయినప్పుడు, దర్గాకు పోయే దారిలో పాత బ్యాండు షాపు తలుపు తీసి ఉంటే తొంగి చూశాను. డ్రమ్ములు అటకెక్కాయి. డీజే బండ్లు వచ్చాక మేళాన్ని పిలిచేవాళ్ళే లేరట. బ్యాండు మాస్టరు డెబ్భై దాటిన సాయిబు. గోడకు తగిలించిన టెనర్ శాక్సోఫోన్ అమ్ముతారా అని అడిగాను.

"ఎవురికి తల్లీ, మీ పిల్లోనికా?"

"నాకే."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అట్లయితే ఊదు. కొనేటోళ్ళు మా ముందర ఒక్కసారన్నా పలికించాల. మొదట్నుంచీ ఈ షాపులో అదే పద్ధతి."

మొదటిసారి ఉత్త గాలి వచ్చింది. రెండోసారి దూడ తప్పిపోయిన బర్రె అరిచినట్టు అరిచింది. బజారులో పోయే ఇద్దరు ఆగి చూశారు. మాస్టరు మాత్రం నవ్వలేదు.

"సాలు. గాలి ఉండాది నీ కాడ. బళ్ళో అరిసి అరిసి వచ్చింటాది."

గుడ్డతో తుడుస్తుంటే వెనకవైపు నంబరు కనిపించింది. దాని కింద ఇంగ్లీషు 'హెచ్' అక్షరం చిన్నగా కొట్టి ఉంది. అదేమిటని అడిగాను.

"ఎవురికి తెలుసు? మా నాయన పేరు దాంతోనే మొదలైతాది. ఆయనే కొట్టించుకున్యాడేమో అనుకుంటిమి. మిలటరీ వాళ్ళు పాత సామాను అమ్మేస్తాంటే, మేళానికి గావాల్సినవన్నీ ఒకే మూటగా బెంగుళూరు నుంచి తెచ్చినాడు. ఇది మా మేళంలో తప్ప ఇంగ యాడా పలకలేదు."

ఆ ఆఖరి మాటను నేను పొగడ్త అనుకున్నాను.

మా ఇంటి చుట్టూ నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు. ఆ మిషన్ల రొదలో మిద్దె మీద నేనేం ఊదినా ఎవరికీ వినపడదని ధైర్యం. చిక్కల్లా కరెంటు పోయినప్పుడే. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగేవి, నేను మాత్రం ఆగేదాన్ని కాదు. వీధి వీధంతా నా అపస్వరాలు వినేది. "టీచరమ్మా, కరెంటు వచ్చినాక ఊదు" అని కింది నుంచి ఎవరో ఒకరు కేకేసేవారు. అయినా నెలలు గడిచేసరికి చర్చిలో పాడే కీర్తనలు కొన్ని పలికాయి.

మెట్ల మీద కూర్చుని రోజూ వినేది మా మేనత్త. నాయన చెల్లెలు, నా దగ్గరే ఉంటుంది. చిన్న వయసు నుంచీ మా చర్చిలో హార్మోనియం ఆమెదే. దొరల కాలంలో ఓడ మీద వచ్చిన, బీరువాంత ఎత్తున్న, కాళ్ళతో తొక్కి వాయించే హార్మోనియం అది. కొన్నేళ్ళ కిందట చర్చికి కీబోర్డు వచ్చింది. తొలి ఆదివారం రెండూ కలిపి వాయిస్తే జనం చెవులు మూసుకోవాల్సి వచ్చింది. హార్మోనియం శ్రుతి పోయిందని కమిటీ తేల్చింది. పోయింది హార్మోనియం కాదు, ముసలామె చెవులని ఎవరో గుసగుసలాడారు. ఆ మాట అత్త చెవిన పడింది, పడ్డ మాటను ఆమె నమ్మింది. అప్పటి నుంచి ఆఖరి వరుసలో కూర్చుంటుంది. పాట పుస్తకం తెరుస్తుంది గానీ నోరు తెరవదు. అది చూస్తే నాకు కోపం వచ్చేది, ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు.

ఈ ఏడు చర్చిలో కోతల పండగ వేలంలో ఆ హార్మోనియం కూడా పెడుతున్నారని తెలిసింది. కర్నూలులో పాత వస్తువులు అమ్మే వ్యాపారి ఒకాయన అడిగాడట. బయటివాళ్ళు వేలం పాడకూడదు కాబట్టి, ఆయన తరఫున మా సంఘం కోశాధికారి పాడతానని మాటిచ్చాడు. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇంతలో నా శాక్సోఫోన్ నాకు తలవంపులు తెచ్చింది. పండగకు వాయిద్దామని కీబోర్డు వాయించే పాస్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. టెనర్‌కు ఏ మెట్టు సరిపోతుందో చూసుకుని ఇద్దరం మొదలుపెట్టాం. నాలుగు స్వరాలకే ఆమె ఆపేసింది.

"మీది కొంచెం పైకి పోతాంది టీచర్."

పెదాలు వదులు చేశాను. మౌత్‌పీస్ బయటికి లాగాను. అప్పుడు కొన్ని స్వరాలు కిందికి దిగాయి, కొన్ని ఉన్నచోటనే మొండికేశాయి. పాస్టరమ్మ మర్యాదస్తురాలు, "ఇంకొంచెం ప్రాక్టీసు చేస్తే..." అని నసిగింది. నేను ఉడుక్కుంటూ ఇంటికొచ్చి మిద్దె మీద మళ్ళీ ఊదాను.

"నాకైతే సరిగ్గానే ఉండాది మే" అంది అత్త. వెంటనే మొహం తిప్పుకుంది. "నా చెవులు పోయినాయి గదా. నా మాట ఏం లెక్క."

నాకు అక్కడ తట్టింది. కీబోర్డుతో నాది కలవలేదు. ఆ రోజు ఈమెదీ కలవలేదు. నాది పైకి పోయింది. మరి ఈమెది?

"అత్తా, ఆ పొద్దు నీ హార్మోనియం కీబోర్డు కన్నా పైన పలికిందా, కింద పలికిందా?"

"పైనే. రవ్వంత."

శాక్సోఫోన్ తిప్పి ఆ 'హెచ్'ను చూశాను. ఫోన్‌లో వెతికితే, పాత వాయిద్యాలు బాగుచేసే ఒకాయన వీడియోలో సంగతి దొరికింది. ఒకప్పుడు ఒకే వాయిద్యాన్ని రెండు శ్రుతుల్లో చేసేవారట. మిలటరీ బ్యాండులకు, దొరల కాలపు హార్మోనియాలు కొన్నిటికి ఎక్కువ శ్రుతి. 'హై' అనే దాని గుర్తే ఈ అక్షరం. ఇప్పటి లోకమంతా తక్కువ శ్రుతి మీద ఉంది. మాస్టరు మేళంలో అన్నీ ఒకే మూటగా వచ్చినవి గనక తేడా ఎవరికీ తెలియలేదు. పాపం, ఆయన నాన్న పేరుకు దాంతో ఏ సంబంధమూ లేదు.

మర్నాడు బడి వదలగానే అత్తను చర్చికి లాక్కుపోయాను. వెనక గదిలో హార్మోనియం మీద తెల్లటి రాతి పొడి మందంగా పేరుకుని ఉంది. అత్త కూర్చోనంది. ఇప్పుడు దీన్ని ముట్టుకుంటే మళ్ళీ వదల్లేనంది. నేను బతిమాలలేదు, కసిరాను. కూర్చుంది. తొక్కింది. ఒక మెట్టు నొక్కింది.

రెండు ధ్వనులు దగ్గర దగ్గరగా ఉండి కలవకపోతే, మోత పెరుగుతూ తగ్గుతూ కొట్టుకుంటుంది. విస్పందనాలని క్లాసులో పిల్లలకు చెప్పేదాన్ని నేనే. కీబోర్డుతో వాయించినప్పుడు ఆ కొట్టుకోవడం వినీ వినీ నా తల దిమ్మెక్కింది. ఇప్పుడు ఊదాను. ఏదీ కొట్టుకోలేదు. రెండూ కలిసి ఒక్కటే మోత అయింది, చిన్నప్పటిలాగే కడుపుకు తగిలింది.

అత్త చేయి తీయలేదు. నాకు ఊపిరి అయిపోయేదాకా నొక్కే ఉంది. సంగతంతా విడమరిచి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని నా మీదనే మండిపడింది.

"అయితే ఇన్నేండ్లూ నేను నోరు మూసుకోని కూసున్నది ఎందుకే?"



కోశాధికారి దగ్గరికి పోయి సంగతి చెప్పాను. "నువ్వు చెప్పేది నిజమే గావచ్చు టీచరమ్మా. మాట ఇచ్చినాను గదా" అన్నాడు. పోనీ వేలంలో నేనే పాడి ఇంటికి తెస్తానంటే అత్త ఒప్పుకోలేదు. "ఇంటికి తెచ్చుకుంటే అది ఉత్త బీరువా. గుళ్ళో ఉంటేనే అది హార్మోనియం." మా వాళ్ళకు చర్చి అంటే గుడే. పాస్టరయ్య మాత్రం వేలానికి ముందు ఒక కీర్తన వాయించుకోమన్నాడు.

మా కోతల పండగకు ఎవరి పంట వాళ్ళు తెస్తారు. జొన్న కంకులు, చెనక్కాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు. రాళ్ళ పని వాళ్ళకు పంట ఉండదు గనక పాలిష్ పట్టిన బండ ఒకటి తెస్తారు. అన్నిటినీ అక్కడే వేలం వేస్తారు. దేవునికి తెచ్చిన దాన్ని ఎవరూ పాడకుండా వదిలితే తెచ్చినవాళ్ళకు చిన్నతనం. అందుకే వాడిపోయిన వంకాయకైనా పోటీపడి పాడతారు. ఎవరూ పాడని సామాను ఏదైనా ఉంటే అది గుడికే ఉండిపోతుంది. నాకు తెలిసి అలా ఎప్పుడూ ఉండిపోలేదు.

మేం వాయించాం. మధ్యలో ఒకచోట నేను తడబడ్డాను, అత్త ఆ చరణం ఇంకోసారి వాయించి నన్ను కలుపుకుంది. ముందు వరుసలోని ముసలివాళ్ళు మొదట పాడారు, తర్వాత అందరూ పాడారు. అత్త పాడలేదు. పెదాలు బిగించుకుని మెట్ల మీదే చూపు పెట్టింది.

వేలం మొదలైంది. గుమ్మడికాయ పోయింది. కోళ్ళు పోయాయి. బండ కోసం ఇద్దరు మేస్త్రీలు కొట్టుకున్నంత పని చేశారు. గేటు బయట వ్యాపారి మినీ లారీ పక్కన నిలబడి ఉన్నాడు. వేలం పిలిచే పెద్దాయన హార్మోనియం మీద చేయి వేశాడు.

"ఎవురు పాడతారప్పా?"

ఎవరూ నోరు తెరవలేదు. వంకాయ కోసం తగువులాడిన వాళ్ళంతా కాళ్ళ కింది చాప చూస్తూ కూర్చున్నారు. అందరూ కోశాధికారి ఏమంటాడా అని ఎదురుచూస్తున్నారు. ఆయన జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. గేటు వైపు చూశాడు. ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు.

పెద్దాయన ఇంకోసారి అడిగాడు, మళ్ళీ అడిగాడు. "ఎవురూ లేకపాయె. ఇది గుడికే" అని పక్కనున్న జొన్న కంకుల దగ్గరికి నడిచాడు.

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. కాళ్ళు తొక్కుడు మీద సర్దుకుని నా వైపు తిరిగింది.

"ఊదు మే. ఈసారి నేనూ పాడతా."