బేస్‌మెంట్‌లో దీపం

మా వదిన చాముండేశ్వరికి మనిషిని నమ్మడం చేతకాదు. కూరగాయలు తూకం వేసేవాడి మీంచి చూపు తిప్పదు. "ఎవడూ ఊరికే నవ్వడు రేణూ" అంటుంది. అలాంటి మనిషి, మా అన్నయ్య శ్యామ్‌సుందర్‌కి ఏదో ఆసుపత్రిలో ఫార్మసిస్టు ఉద్యోగం వచ్చిందని తెలుగువాళ్లు నిండిన ఎడిసన్ ఊరు వదిలి, పెన్సిల్వేనియాలో ఓ మూల పల్లెలో పాత ఇల్లు కొంది. ఎప్పుడో ముత్తాతల కాలంలో అక్కడ నేలనూనె, అదే పెట్రోలియం, పడిందట. రాత్రికి రాత్రి హోటళ్లు, బ్యాంకులు, నాటకశాలలు లేచాయట. నూనె తగ్గగానే జనమూ లేచిపోయారట. ఇప్పుడు మొక్కజొన్న చేలూ, పక్కింటి వాల్ట్ అనే ముసలాయనా మిగిలారు.

ఆయన మీద వదినకి మొదటినుంచీ అనుమానమే. ఆమె దేవుడి మందిరం బేస్‌మెంట్‌లో పెట్టింది. సాయంత్రం దీపం వెలిగించేసరికి ఆయన తన పెరట్లోకి వచ్చి, నేలమట్టంలో ఉన్న ఆ గది కిటికీకేసి చూస్తూ నిలబడేవాడు. దీపం కొండెక్కాకే లోపలికి పోయేవాడు. ఒకరోజు తలుపు కొట్టి, కింద నిప్పు పెట్టవద్దన్నాడు. వదినకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా దేవుడి దీపాన్ని నిప్పంటాడా? మొహం మీదే డోర్ వేసేశా" అని నాకు ఫోన్ చేసి చెప్పింది. రెండోసారి వస్తే అసలు తీయనేలేదు.

ఆ వారంలోనే బేస్‌మెంట్‌లో కిరసనాయిలు వాసన మొదలైంది. చిన్నప్పుడు రేషన్ షాపు క్యూలో డబ్బా పట్టుకుని నిలబడ్డ ముక్కు ఆమెది, పొరబడదు. దీపం మానేస్తే ముసలాడు గెలిచినట్టేనని, కిటికీ తెరిచి మరీ వెలిగించింది. నేను శుక్రవారం వెళ్లేసరికి తీర్పు కూడా అయిపోయింది.

"వాడే. కిటికీ దగ్గర పోసి పోతున్నాడు. పొమ్మనలేక పొగబెడుతున్నాడు."

"కెమెరా పెట్టించొచ్చు కదా వదినా?"

"కెమెరాకైతే మొహం దాచుకుంటాడు. కాళ్లెక్కడ దాచుకుంటాడు?"

పళ్లెం నిండా బియ్యప్పిండి తెచ్చి, ముగ్గు వేసే చేత్తోనే ఇంటి బయట గోడ పొడవునా నేల మీద పల్చగా చల్లింది. అబ్బో, పోలీసు బుద్ధి! నాకు నవ్వొచ్చింది గానీ, నిజం చెప్పొద్దూ, భయమూ వేసింది. ఆ ముసలాయన చూపు నాకూ నచ్చలేదు.

శనివారం పొద్దున్నే వెళ్లి చూశాం. పిండి మీద ఒక్క అడుగూ లేదు. కిటికీ కింద మాత్రం అరచేయంత మేర నల్లగా తడిసి ఉంది. వదిన పిండి చేత్తో తీసి వాసన చూసింది. కిరసనాయిలే. ఇంతలో ఆ తడిలోంచి ఒక బుడగ లేచి పగిలింది. దాని వెనకే ఇంకొకటి.

"పైనుంచి పోస్తే కిందనుంచి బుడగలెందుకొస్తాయి?" అంది, నన్ను కాదు, తనను తానే.

వాల్ట్ కంచె అవతలే ఉన్నాడు. బుడగల్ని చూసి, "కింద ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు.

వదిన మొహం పాలిపోయింది. శనివారం వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టేది అన్నయ్య. చెప్పులు వదిలేసి పరిగెత్తింది. నేను వెనకాల వెళ్లేసరికి అగ్గిపుల్లలన్నీ మెట్ల మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అన్నయ్యని చెయ్యి పట్టి లాక్కొస్తోంది. ఆయన ఏమీ అర్థంకాక, పుల్ల తీసేలోపే పెట్టె లాగేసుకుందని గొణుగుతున్నాడు.

ఫైరింజన్ కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు వాల్ట్ చెప్పాడు. ఆ రోజుల్లో నూనెబావి ఎండితే ఇనుపగొట్టం పీకి అమ్ముకుని, ఆ కన్నంలో చెట్టుమొద్దు కుక్కి మట్టి కప్పేసేవారట. వాళ్ల తాతా ఇక్కడ అదే పని చేశాడట. మొద్దు కుళ్లితే కిరసనాయిలు వాసనేసే నూనే, నిప్పంటుకునే గ్యాసూ పైకి లేస్తాయట. తర్వాత తవ్వినప్పుడు గోడ పక్కన మొద్దే బయటపడింది.

వదిన అప్పటికీ వదల్లేదు. "మరి రోజూ దీపం వేళకి మా కిటికీకేసి ఎందుకు చూస్తారు?" అని నిలదీసింది.

"మీరు తలుపు వేసేశారు" అన్నాడాయన, నేలకేసి చూస్తూ. "దీపం ఆరేదాకా ఎవరో ఒకరు దగ్గర్లో ఉండాలిగా, ఏమన్నా అయితే మిమ్మల్ని బయటికి లాగడానికి."

ప్రతిదానికీ జవాబుండే మా వదిన, పిండి అంటిన చేతులతో ఆ రోడ్డు పక్కనే కూలబడి ఏడ్చింది.