అన్నం డబ్బా మీద చెయ్యి

వార్డు ఎన్నికలకు నామినేషన్ వేసిన వారంలోనే అనుకుంటాను. సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచాను. చిన్నప్పటి అలవాటు, ప్రార్థనకు కళ్లు మూతపడ్డాయి. వెంటనే తెరిచేశాను. మాది ఎస్సీలకు రిజర్వైన వార్డు. క్రైస్తవుడినని తేలితే పోటీకి పనికిరాను. కాగితాల్లో హిందువునని రాసిచ్చాను.

పక్క కుర్చీలో కూర్చున్న తెల్లచీర పెద్దావిడ అది చూసింది.

“ఏ సంఘానికి పోతవ్ బిడ్డా?” అంది నవ్వుతూ. ఏ చర్చి అని మా వాళ్లు అడిగే తీరు అది.

“మేం హిందువులమమ్మా” అన్నాను. గొంతు కూడా తడబడలేదు.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. “సరే బిడ్డా, నీది సుత కలిపి నేనే చేస్త” అని, ఒక చెయ్యి తన డబ్బా మీద, ఇంకో చెయ్యి నా డబ్బా మీద పెట్టి మెల్లగా ప్రార్థన చేసింది. నేను ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాను. ఆమెన్ అని నా కోసం ఆగింది. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

గెలిచాను. ఇప్పుడు క్రిస్మస్‌కు, మా అమ్మ మోకరించిన చర్చిలోనే, నన్ను శాలువా కప్పి అతిథిగా ముందు వరసలో కూర్చోబెడతారు. అందరూ ఆమెన్ అన్నప్పుడు ఆ ముద్ద ఇంకా నా నోట్లో ఉన్నట్టే ఉంటుంది.