ఫోన్ మోగితే పరిగెత్తే కుక్కపిల్ల

మా డెలివరీ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు రెండు రింగులు విని, కస్టమర్ ఫోన్ ఎత్తలేదని యాప్‌లో నొక్కేసి వెళ్లిపోతున్నారు. కొండల్లో ఫోన్ ఎత్తకపోవడానికి వేరే కారణాలుంటాయని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే ఈ సంగతి రాసి ఉంచుతున్నాను.

నిరుడు డిసెంబరు. అరకు నుంచి పెదబయలు వైపు వ్యాన్ నడుపుతున్నాను. ఆ రోజు పొద్దున్నుంచీ ఏదీ కలిసిరాలేదు. మంచు విడిచేదాకా ఘాట్‌లో ఆగిపోయాను. తర్వాత టైరు పంక్చరైంది. ఒకాయన మిక్సీ రంగు నచ్చలేదని డబ్బా నా చేతిలోకే తోసేశాడు. ఇక మిగిలింది లచ్చమ్మ అనే కాఫీ రైతు పార్సిల్. దాన్ని వేరే డ్రైవరు రెండుసార్లు వెనక్కి తెచ్చాడు. ఈసారీ ఇవ్వకపోతే ఆర్‌టీవో, అంటే సరుకు అమ్మినవాళ్లకే తిరిగి వెళ్లిపోతుంది.

డబ్బా మీద పల్పర్ స్పేర్ పార్టు అని ఉంది. పల్పర్ అంటే కాఫీ పండు తోలు తీసే మిషను. నేను బడి మధ్యలో మానేసినా మండల లైబ్రరీని మానలేదు. కాఫీ సాగు పుస్తకం అక్కడే చదివాను. పండు కోసిన రోజే తోలు తీయకపోతే పులిసి గింజ పాడవుతుంది. కోతల కాలంలో ఈ డబ్బా వెనక్కి వెళ్తే ఆవిడ పంట ఏమవుతుందో నాకు తెలుసు.

కొండ కింద వ్యాన్ ఆపి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. పార్సిళ్లు పంచే మా హబ్ ఇన్‌ఛార్జి అప్పలరాజుకి చెప్పాను.

"ఏటి గురూ, ఆ డబ్బాని ఊరేగిత్తన్నావా? ఎత్తలేదని కొట్టేసి బేగి వచ్చీ," అన్నాడు.

మళ్లీ చేశాను. ఈసారి మోత కొండ మీంచి సన్నగా వినబడింది. ఎక్కి చూస్తే, పనసచెట్టు కొమ్మకి ప్లాస్టిక్ కవరులో ఫోన్ వేలాడుతోంది. ఊరు అవతలి వాలులో ఉంది, అక్కడ సిగ్నల్ అందదు. అందుకని ఫోన్ ఇక్కడ కట్టుకున్నారు.

ఇంతలో ఆ వాలు నుంచి ఒక కుక్కపిల్ల రొప్పుతూ వచ్చింది. ఒక చెవి నిలబడింది, రెండోది వాలిపోయింది. నా షూ లేసు పట్టి గుంజింది. ఆ రోజు నన్ను చూసి సంతోషించిన ప్రాణి అదొక్కటే. కూర్చుని దాని పొట్ట నిమిరాను. చిరాకు సగం దిగిపోయింది.

ఇంకోసారి రింగిచ్చి చూశాను. కుక్కపిల్ల ఒక్క గెంతు గెంతి కిందికి పరిగెత్తింది. డబ్బా చంకన పెట్టుకుని వెనకాలే దిగాను. అది కాఫీ తోటలోకి దూరి, బుట్టతో పండ్లు కోస్తున్న ఒకావిడ చీర అంచు లాగింది. ఆవిడే లచ్చమ్మ.

"ఇది ఇందాక కూడా వచ్చి లాగింది బాబూ. మొన్న రెండు సార్లూ ఆయాసపడి కొండెక్కితే మీవోడు ఎలిపోయాడు. ఈసారీ అంతే కదాని ఎక్కలేదు," అంది. పక్కన గోతాల నిండా పండ్లు ఉన్నాయి.

ఎప్పుడూ ఆ పనసచెట్టు కిందే ఉండే కుక్కపిల్లకి, ఫోన్ మోగినప్పుడల్లా ఎండుచేప ముక్క పెట్టి ఆ పరుగు నేర్పిందట. దాని పేరు హలో.

"మనుషులు నమ్మకం వదిలీసినా ఇది వదల్లేదు సూడు," అని నవ్వింది. కొత్త పార్టు బిగించాక, చీకటి పడకముందే పల్పర్ తిరిగింది.

ఎత్తని ఫోన్ వెనక కొండెక్కుతున్న మనిషి ఉండొచ్చు. నేను ఇప్పుడు ఆ మనిషి వచ్చేదాకా ఆగుతాను.

పంక్చరు వేసిన మస్తాన్‌కి, కాఫీ పుస్తకం వెతికి ఇచ్చిన లైబ్రేరియన్ సుశీల గారికి, తిట్టినా నేను తిరిగి వచ్చేదాకా హబ్ మూయని అప్పలరాజుకి, తోటలో గ్లాసు నిండా కాఫీ పోసిన లచ్చమ్మక్కకి కృతజ్ఞతలు. హలోకి మాటలు అక్కర్లేదు. వ్యాన్ డాష్‌బోర్డులో ఎండుచేప పొట్లం ఎప్పుడూ ఉంటుంది.