ఖాళీ గడిలోకి వచ్చిన చెరువు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. భయమని రాత్రంతా లైటు వేసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లుమంట. కరెంటు దండగ. చదివింది మూడో తరగతే అయినా కళ్లతో చూసిందే నమ్ముతాను. ఇదీ కళ్లతో చూసిందే, అదే వచ్చిన చిక్కు.

మాది నాగాయలంక దగ్గర. వరి మానేసి రొయ్యల చెరువులు తవ్వించాక మా అబ్బాయి ఇంట్లో కంప్యూటర్ పెట్టాడు. బందరులో చదివే మనవరాలు సుజాత అందులో చెరువుకో షీటు చేసింది. ఎంత మేత వెయ్యాలో, వానొస్తే ఎంత సున్నం చల్లాలో అబ్బాయి వాటిలో ముందే రాసిపెడతాడు.

నేనేదో నొక్కి చెడగొడతానని ఆ షీట్లన్నీ దాచేసి, పైకి ఒక్కటే ఉంచింది సుజాత. అందులో పసుపు గడిలో ఏ చెరువు పేరు కొట్టి ఎంటరనే పెద్ద బొత్తం నొక్కితే, ఆ పేరున్న షీటు వెతుక్కుని దాని అంకెలు చూపిస్తుంది. పేరు మారిస్తే అంకెలూ మారిపోతాయి. ఏ పేరుకి ఏ అక్షరాలు నొక్కాలో చీటీలు రాసి గోడకి అంటించింది. చూసి కొట్టడం నాకూ వచ్చింది.

పెద్ద చెరువుతోనే పేచీ. దానికి అబ్బాయి వాళ్ల నాన్న పేరు పెట్టాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయితే మాత్రం, మొగుడి పేరు నేనెలా అంటాను?

“అనొద్దులే నానమ్మా, కొట్టు చాలు.”

“కొట్టడం మాత్రం ఏవిటే? వేళ్లతో అనడమేగా!”

మొండిపిల్ల, ఆ చీటీ కూడా అంటించే పోయింది.

ఒక వానాకాలం అబ్బాయీ కోడలూ గుడివాడ పెళ్లికెళ్లి వానకి అక్కడే ఆగిపోయారు. ఫోన్లు పోయాయి. పొద్దున్నే చెరువుల దగ్గర పనిచేసే నాంచారయ్య తడిసి ముద్దై వచ్చాడు.

“అమ్మగారూ, పెద్ద చెరువులో రొయ్య పైకి తేలుతోందండీ. సున్నం ఎంత చల్లమంటారు? మేత వెయ్యనా, ఆపనా?”

“నువ్వే ఓ అందాజు చూసి...”

“వద్దండీ బాబూ! పోయిన పంట పోయింది నా అందాజుతోనే గదండీ.”

రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి వారమే ఉంది. ఆలస్యమైతే పంటంతా పోతుంది. నాంచారయ్యని కొట్టమంటే కంప్యూటర్ ముట్టుకోనన్నాడు. చీటీ చూసి మొదటి అక్షరం మీద వేలు పెట్టాను. నొక్కలేక తీసేశాను. చివరికి గడి ఖాళీ చేసి, మనసులో ఆయన్ని తలుచుకుని పెద్ద బొత్తం నొక్కాను.

అంకెలొచ్చాయి. పైన ఆయన పేరు. చదివినా తప్పేనని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మేత ఆపు. సున్నం ఆరు బస్తాలు.

ఆరా! నన్నడిగితే రెండు చాలనేదాన్ని.

ఆరూ చల్లించాను. సాయంత్రానికి రొయ్య కిందికి దిగింది.

అబ్బాయి వచ్చి, “నేను రాసిందీ ఆరేనమ్మా,” అన్నాడు. సెలవులకి వచ్చిన సుజాత మాత్రం నమ్మలేదు. గడి ఖాళీగా ఉంటే తప్పని చూపించాలి గాని అంకెలు రావట. తను ఖాళీ చేసి నొక్కింది, తప్పని వచ్చింది. అబ్బాయి నొక్కాడు, తప్పే. నేను నొక్కాను, పెద్ద చెరువు వచ్చింది. తూర్పు చెరువుని తలుచుకుని నొక్కితే నాకూ తప్పే వచ్చింది.

“ఫార్ములాలో నీకోసం ఏమీ పెట్టలేదు నానమ్మా, ఒట్టు,” అంది పిల్ల, మొహం పాలిపోయి. నాంచారయ్య అప్పటికే చెప్పులు బయట విడిచి కంప్యూటర్‌కి దణ్ణం పెడుతున్నాడు.

నాకిప్పటికీ అంతుపట్టదు. బతికున్నన్నాళ్లూ అన్నానికి “ఏవండీ” అని పదిసార్లు పిలిస్తే గాని అరుగు మీంచి లేచేవారు కాదు. ఆ మనిషి పిలవకుండానే ఎలా వచ్చారో నేను చెప్పలేను.